బందరు నుంచి గుడివాడకు ఒక ఇండెక్స్

రాత్రి పదిన్నర. బందరు కోనేరు సెంటరు దాటాక ఒక సందులో, మేడమీద గది. కిటికీ రెక్క గాలికి కొట్టుకుంటోంది. బంగాళాఖాతంలో వాయుగుండమని సాయంత్రం నుంచీ టీవీలో చెబుతూనే ఉన్నారు. మీ ఎదురుగా నల్లటి టెర్మినల్. తెల్లారేలోపు ఈ మెషీన్లో ఉన్న సెర్చ్ ఇండెక్స్ గుడివాడలో మీ బాబాయి కూతురి దగ్గరున్న మెషీన్లో లేచి కూర్చోవాలి.

గుడివాడే ఎందుకంటే, అది సముద్రానికి దూరం. 1864 నవంబరు 1న బందరు మీద పడ్డ ఉప్పెనలో పోయినవాళ్లు సుమారు 30 వేలమంది. 1977 నవంబరు 19న ఉప్పెనలో దివిసీమ ఏమైందో ఇక్కడ ఎవరికీ చెప్పనక్కర్లేదు. ఈ తీరంలో ఉంటూ దేన్నయినా ఒక్కచోటే దాచుకోవడం తప్పు. అది కాగితమైనా, కంప్యూటరైనా.

ఇండెక్స్‌లో ఉన్నది తెలుగు వికీపీడియా. 2003 డిసెంబరులో మొదలైన ఆ విజ్ఞానసర్వస్వం వ్యాసాలనే కాదు, తన సెర్చ్ ఇండెక్స్‌నూ డంపు చేసి అందరికీ ఉచితంగా ఇస్తోంది. సిర్రస్‌సెర్చ్ డంపు అంటారు. మీరు దించుకున్న జీజిప్ ఫైలును జెడ్‌క్యాట్‌తో తెరిచి, మొదటి రెండు వరుసలు చూడండి. మొదటిది పొట్టిది. ఫలానా ఐడీతో ఒక పత్రాన్ని చేర్చమని చెబుతుందంతే. రెండోది తెరంతా నిండిపోయేంత పొడుగు: శీర్షిక, వ్యాసం మొత్తం, వర్గాలు, లింకులు. ఆ తర్వాత మళ్లీ పొట్టిది, మళ్లీ పొడుగుది. చివరిదాకా ఇలా జతలే.

జత విడిపోతే పని చెడుతుంది. ఈ ఇండెక్స్‌ను నడిపే ఎలాస్టిక్‌సెర్చ్ ఒక్క రిక్వెస్టులో మామూలుగా 100 ఎంబీకి మించి తీసుకోదు కాబట్టి ఫైలును ముక్కలు చేయక తప్పదు. స్ప్లిట్‌కు 2,000 వరుసలని చెప్పండి. 2,001 అన్నారా, ఒక ముక్క చివర పొట్టి వరుస ఒంటరిగా మిగిలి, దాని పత్రం తర్వాతి ముక్కలోకి పోతుంది. కర్ల్‌కు కూడా 'డేటా బైనరీ' అనే చెప్పాలి. మామూలు 'డీ' ఇస్తే వరుసల మధ్య విరుపులన్నీ తీసేసి పంపుతుంది. అప్పుడు అవతలికి చేరేది అర్థంపర్థం లేని ఒకే వరుస.

ఫోన్ మోగింది.

"అన్నయ్యా, మొదటి ముక్కకే 400 వచ్చింది. టైప్ అనే మాట తెలీదంటోంది."

"నీది ఎనిమిదో వెర్షన్ కదమ్మా, దాంట్లో టైప్ తీసేశారు. సెడ్‌తో పొట్టి వరుసల్లోంచి ఆ మాట తీసెయ్. పొడుగువాటి జోలికి వెళ్లకు."

ఇంతవరకూ చేరేది పత్రాలే. ఇండెక్స్ తెలివి వేరేచోట ఉంది. బందరన్నా మచిలీబందరన్నా మచిలీపట్నమేనని ఈ మెషీన్‌కు తెలిసిందంటే, మీరు రాసిన పర్యాయపదాల ఫైలు వల్ల. అది డంపులో రాదు. సెట్టింగులు దించుకుంటే వాటిలో వచ్చేది ఆ ఫైలు ఎక్కడుందన్న దారి మాత్రమే, లోపలి మాటలు కావు. ఐసీయూ ప్లగిన్‌దీ అదే కథ. తెలుగులో 'ఫేస్‌బుక్' లాంటి మాటల మధ్య కంటికి కనబడని ఒక అక్షరం ఉంటుంది, పొల్లు కింద ఒత్తు పడకుండా ఆపడానికి. ఒకరు దాన్ని టైపు చేస్తారు, ఇంకొకరు చేయరు. రెండూ ఒకటేనని ఇక్కడ తేలుస్తున్నది ఆ ప్లగిన్. గుడివాడలో దాన్ని విడిగా పెట్టుకోవాలి, అదీ అక్కడి వెర్షన్‌కు సరిపోయేదే.

"పర్యాయపదాల ఫైలు కనపడట్లేదని ఇండెక్స్ క్రియేట్ అవ్వట్లేదు. ఆ ఫిల్టరు తీసేసి ఎక్కించేద్దామా? తర్వాత చూసుకోవచ్చు."

"వద్దమ్మా. ఫైలు పంపిస్తున్నా, కాన్ఫిగ్ ఫోల్డర్లో పెట్టు."

పెట్టింది. ముందు సెట్టింగులు, మ్యాపింగు. రెప్లికా సున్నా, ఎందుకంటే ఒక్కటే నోడ్. రిఫ్రెష్ ఆపేసి ముక్కలు ఒకటొకటిగా ఎక్కిస్తోంది. కర్ల్‌కు 200 వచ్చిందని వదలకండి, కొన్ని పత్రాలు చేరకపోయినా 200 వస్తుంది. జవాబులో 'ఎర్రర్స్' దగ్గర ఫాల్స్ ఉందో లేదో ప్రతి ముక్కకూ గ్రెప్‌తో చూడాలి. కరెంటు ఒకసారి రెపరెపలాడింది, యూపీఎస్ కూసింది, ముక్కలు మాత్రం ఆగలేదు.

ఒంటిగంట దాటాక, గుడివాడలో ఒకసారి చేత్తో రిఫ్రెష్ చేయించి, కౌంట్ అడిగారు. రెండుచోట్లా ఒకే సంఖ్య. ఫైల్లోని వరుసల్లో సరిగ్గా సగం. అయినా ఇక్కడే ఆగకూడదు. పర్యాయపదాలు లేకుండా ఎక్కించి ఉన్నా ఇదే సంఖ్య వచ్చేది. అందుకే ఇప్పుడు జనం అడిగే మాటలే అడగండి. 'బందరు' అని అడిగితే గుడివాడ మెషీన్ మచిలీపట్నం వ్యాసాన్ని పైన తెచ్చి పెట్టింది. 'ఫేస్‌బుక్' రెండు రకాలుగా టైపు చేసినా ఒకే ఫలితాలు. 'దివిసీమ ఉప్పెన'కు రెండు మెషీన్లూ ఒకే వరసలో జవాబిచ్చాయి.

"మచిలీపట్నంలో అని కొడితే మచిలీపట్నం అని ఉన్నవి రావట్లేదన్నయ్యా."

"ఇక్కడా రావు. విభక్తులు విడదీసే ఫిల్టరు మనం పెట్టలేదుగా. అది రేపు రెండుచోట్లా పెడదాం. నువ్వు రిఫ్రెష్ మళ్లీ ఆన్ చెయ్, నేను అలియాస్ మారుస్తా."