దారి తప్పిన యువకులు – స్టూవర్టుపురపు చరిత్రము

ఊరి యువకుడొకడు దొంగల ముఠాలో చేరెనని తెలిసినప్పుడు మనము చేయవలసిన దేమి? వానిని వెలివేయుటయా, చేరదీయుటయా? ఈ ప్రశ్నకు మన తెలుగుదేశపు చరిత్రమే సమాధానము చెప్పుచున్నది.

పూర్వము లంబాడీలు, ఎరుకలవారు పెరికె యెడ్లమీదను, గాడిదలమీదను ఉప్పును, ధాన్యమును మోసికొని ఊరూర తిరిగి బ్రతికెడివారు. వాడి నుండి సికింద్రాబాదు వరకు తాండూరు, వికారాబాదుల మీదుగా 1874లో రైలుమార్గము వచ్చెను. ఇట్లే దేశమంతట రైళ్లు వ్యాపింపగా పెరికె వర్తకము క్షీణించెను. బ్రతుకుతెరువు పోయినవారిలో కొందరు దొంగతనమునకు దిగిరి. కొందరి తప్పును ప్రభుత్వము కులమున కెల్ల అంటగట్టెను. 1871లో ఉత్తరాదిని పుట్టిన నేరస్థ జాతుల చట్టము 1911లో మద్రాసు రాజధానికిని వ్యాపించెను. నిజాము రాజ్యమునను అట్టి శాసనమే యుండెను.

బాపట్ల చేరువను 1913 ప్రాంతమున సాల్వేషన్ ఆర్మీవారి యాజమాన్యమున ఎరుకలవారి కొరకు స్టూవర్టుపురము వెలసెను. మద్రాసు ప్రభుత్వపు సభ్యుడు హెరాల్డు స్టూవర్టు పేరనే దాని కా నామము కలిగెను. అచ్చట భూమి కలదు, బడి కలదు, పని కలదు. కాని సెలవు లేక పొలిమేర దాటరాదు, హాజరు తప్పరాదు. నేరమెరుగని పసివాడును నేరస్థుల లెక్కలోనే పెరిగెను. ఊరి పేరు చెప్పినంతనే పోలీసులు అనుమానింతురు. కూలికి ఎవ్వరును పిలువరు. ఇక ఆ బాలునికి ముఠా నాయకుడు గాక దిక్కెవ్వరు?

1952లో ఆ చట్టము రద్దయ్యెను గాని జనుల మనస్సులలోని ముద్ర చెరగలేదు. 1970వ దశకమున మహాకవి గుర్రము జాషువ కుమార్తె హేమలత, ఆమె భర్త లవణము ఆ ఊరి గడప త్రొక్కిరి. 1960లో వినోబా భావే చంబలు లోయకేగి బందిపోట్లచేత ఆయుధములు విడిపించిన మార్గము వారికి తెలిసినదే. వారు ఇండ్లకు పోయి కూర్చుండి, స్త్రీలతోను, యువకులతోను మాటలాడిరి. సంస్కార్ అను సంస్థ ద్వారా ముఠాలు విడిచినవారికి జీవనోపాధియు, వారి బిడ్డలకు విద్యయు చూప పూనుకొనిరి.

భూమియు, బడియు మునుపును ఉండెను. లేనిది నమ్మకము. హేమలతా లవణములు తెచ్చినది దానినే.

కావున పెద్దలారా, మీ గ్రామపు కుర్రవాడు చెరసాల నుండి తిరిగివచ్చినచో ముందుగా వాని గడపకు మీరు వెళ్లుడు. నాపరాతి గనిలోనో, కందిచేనిలోనో పని యిప్పించి, వానికి పూచీగా నిలువుడు. వాని తమ్ముని బడి మానకుండ చూడుడు. ఈ పని ప్రభుత్వముకంటె ముందు మీకు సాధ్యము.