పట్టికకెక్కని పేర్లు

ఇంటిదొంగ నీశ్వరుడైనను పట్టలేడని మన పెద్దలు చెప్పుదురు. బాలబాలికలను లైంగికాత్యాచారమునుండి కాపాడుటకై వెలసిన చట్టముల చరిత్రను పరిశీలించినపుడు మాకీ సామెతయే మాటిమాటికి జ్ఞప్తికి వచ్చినది. ఇట్టి నేరములు చేసినవారి పేర్లను పట్టికకెక్కించి ఇరుగుపొరుగువారికి తెలియజేయు పద్ధతి అమెరికాలో పుట్టినది. అది యెట్లు పెరిగెనో, ఎంతవరకు ఫలించెనో మన గృహస్థులెరుగుట మేలని తలచి యీ నాలుగుమాటలు వ్రాయుచున్నాము.

శిక్షపొందిన లైంగికాపరాధులు తమ పేరును నివాసమును పోలీసువారియొద్ద వ్రాయించుకొనవలెనని రాష్ట్రమంతటికిని మొట్టమొదట శాసించినది కాలిఫోర్నియా; అది 1947 వ సంవత్సరము. ఆ పట్టిక పోలీసులకొరకే గాని ప్రజలకొరకు గాదు. 1989 లో మిన్నెసోటా రాష్ట్రమున ముసుగువేసికొనిన యొకడు పదునొకండేండ్ల బాలుని, తమ్ముడును స్నేహితుడును చూచుచుండగనే, ఎత్తుకొనిపోయెను. ఆ తల్లి సంవత్సరములతరబడి చేసిన కృషి ఫలితముగా 1994 లో రాష్ట్రములన్నియు ఇట్టి పట్టికల నుంచవలెనని దేశశాసనమేర్పడెను.

ఆ యేడే జూలైనెలలో న్యూజెర్సీయందు ఏడేండ్ల బాలికయొకతె హత్యచేయబడెను. హంతకుడు ఎదురింటివాడు, ఇట్టి నేరములకే అంతకుముందు రెండుమారులు శిక్షపొందినవాడు. ఆ సంగతి బాలిక తలిదండ్రులకు తెలియదు. తెలిసియున్నచో బిడ్డ దక్కెడిది గదా యని వారు చేసిన యాక్రందనము దేశమును కదల్చెను. మూడునెలలలో ఆ రాష్ట్రమునను, 1996 మే నెలలో దేశమంతటను, ఆ బాలిక పేర 'మేగను చట్టము' అమలునకు వచ్చెను. న్యూజెర్సీలో అపరాధులను మూడు తరగతులుగా విభజించిరి: అపాయము స్వల్పమైనచో పోలీసులకు మాత్రమే, మధ్యమమైనచో పాఠశాలలకును, అధికమైనచో ఇరుగుపొరుగువారికిని తెలుపుదురు. అచ్చట కాపురమున్న తెలుగు కుటుంబములు పెక్కు గలవు గనుక ఇది మనవారికి పరాయి ముచ్చట గాదు.

శిక్ష ముగిసిన పిదప పేరు చాటుట రెండవ శిక్ష గాదా యని కొందరు వాదించిరి. అది శిక్ష గాదు, ప్రజారక్షణమని 2003 లో అమెరికా సుప్రీంకోర్టు తీర్పుచెప్పెను. మువ్వురు న్యాయమూర్తులు మాత్రము విభేదించిరి. ఇంగ్లండు వేరుదారి త్రొక్కెను. అచ్చట 2008 లో నాలుగుచోట్ల పరీక్షార్థము ఆరంభమై 2011 నాటికి వ్యాపించిన పద్ధతి ననుసరించి, తమ బిడ్డతో మెలగువానిని గూర్చి తలిదండ్రులడిగినచో పోలీసులు విచారించి, అవసరమనితోచిన యెడల వారికి మాత్రమే రహస్యముగా తెలుపుదురు. మన దేశమున 2018 లో ఏర్పడిన పట్టికను పోలీసుశాఖవారు మాత్రమే చూడగలరు.

ఇక ఫలితమేమి? న్యూజెర్సీని గూర్చి 2008 లో వెలువడిన పరిశోధనము, ఈ చట్టమువలన పునరపరాధములు తగ్గినట్లు కనబడలేదని తేల్చెను. పోలీసులయొద్ద పట్టికయుండుట మేలేగాని, ఊరెల్ల చాటుటవలన కూడు గూడు కరవైనవాడు మరల నేరమునకు దిగవచ్చునని 2011 లో ఇరువురు పండితులు సూచించిరి.

దీనికి కారణము దురూహ్యము గాదు. పట్టికయందుండునది పట్టుబడినవాని పేరు మాత్రమే. మన జాతీయ నేరగణాంకములు చూడుడు: బాలికలపై జరిగిన బలాత్కారములలో నూటికి తొంబదికి మించి నిందితుడు ఆ బిడ్డ ఎరిగినవాడే. బంధువు, పొరుగువాడు, చదువుచెప్పువాడు, కుటుంబమిత్రుడు: వీరి పేర్లు ఏ పట్టికలోను లేవు, ఏలయనగా మనమే వానిని పరువను తెరచాటున దాచుచున్నాము.

2012 నవంబరు 14 న అమలునకు వచ్చిన పోక్సో చట్టము ఈ తెరను తొలగింపజూచినది. నేరమును తెలిసియు తెలుపకుండుట దానియందు నేరము. బిడ్డ వాఙ్మూలమును ఇంటియొద్దనే, పోలీసుదుస్తులు ధరింపని అధికారి, సాధ్యమైనంతవరకు స్త్రీయే, తీసికొనవలెను. బిడ్డ పేరును పత్రికలు ప్రకటింపరాదు. 1098 సంఖ్యకు టెలిఫోను చేసినచో సహాయము లభించును. కావున పరువుపోవునను భయమునకు చట్టము చాలవరకు విరుగుడు చూపినది.

పట్టికలు వలదని మేమనము. పోలీసులచేత అవి యుండవలసినదే. కాని బిడ్డ, "ఆయన యింటికి నేను పోను" అని మొరాయించినపుడు, "పెద్దవారినట్లనకూడదు" అని నోరుమూయించు ఇంట ఏ పట్టికయు పనికిరాదు. ఎందులకు పోవని మెల్లగా అడిగి, చెప్పినది నమ్మి వినుడు. ఈశ్వరుడు పట్టలేని దొంగను ఆ బిడ్డ మాట పట్టియీయగలదు.