అరచేతిలోని సరస్వతి: 1823 నాటి బళ్ళారి బడులు

1953 అక్టోబరు 1వ తేదిన బళ్ళారి మైసూరు రాష్ట్రమున చేరుటకు ముందు, ఇచట తెలుగువారెందరు, కన్నడిగులెందరు అని ఇరుపక్షములవారును లెక్కలు చూపిరి. ఆ సీమకే చెందిన మరియొక లెక్క అంతకు 130 ఏండ్ల పూర్వపుది. అది పిల్లల చదువునకు సంబంధించినది.

1822 జూన్ 25న మదరాసు గవర్నరు సర్ థామస్ మన్రో, జిల్లాలలో ఎన్ని బడులు, ఎందరు విద్యార్థులు కలరో తెలుపవలెనని కోరెను. బళ్ళారి కలెక్టరు ఎ. డి. కాంబెల్ 1823 ఆగస్టు 17న బదులు వ్రాసెను. బడులు 533: కన్నడము 235, తెలుగు 226, మరాఠీ 23, సంస్కృతము 23, పారసీకము 21, తమిళము 4, ఆంగ్లము 1. విద్యార్థులు 6,641 మంది. వారిలో ఆడపిల్లలు 60 మందియే. నేటి అనంతపురము ప్రాంతము నాడు ఆ జిల్లాలోనిదే.

పట్టిక నింపి పంపిన సరిపోయెడిది. గుమాస్తాగా నేను చేసినదియు అంతియే. కాంబెల్ దొర 1816లోనే తెలుగు వ్యాకరణము ప్రకటించిన భాషావేత్త. అంకెలతో తృప్తి నొందక, బడి నడచు తీరును గూడ వ్రాసెను.

ఉదయమున అందరికంటె ముందు వచ్చిన బాలుని అరచేత 'సరస్వతి' యని వ్రాయుదురు. రెండవవానికి సున్న, అనగా మెప్పును లేదు, తప్పును లేదు. మూడవవానికి మెల్లగా ఒక దెబ్బ, నాల్గవవానికి రెండు, ఇట్లు వరుసగా. బడికి సగటున పండ్రెండుగురు పిల్లలు. కడపటివానికి పది దెబ్బలన్నమాట!

అటుపిమ్మట పిల్లలను, వారికి వచ్చినదానిని బట్టి, సాధారణముగా నాలుగు తరగతులుగా కూర్చుండబెట్టెడివారు. క్రొత్తవాడు ఇసుకలో వ్రేలితో అక్షరములు దిద్దును. పైవాడు పలకమీదనో, కడితముమీదనో వ్రాయును. క్రింది తరగతులకు పెద్దపిల్లలు చెప్పుచుండగా, అయ్యవారు పై తరగతులను చూచుకొనుచు, బడియంతటిపై ఒక కన్ను వేసియుందురు. ఎవని శక్తిని, అభివృద్ధిని బట్టి వాడు పై తరగతికెక్కును. ఈ పద్ధతి ఇంగ్లండులో అనుకరింపబడుట న్యాయమే యని కాంబెల్ మెచ్చుకొనెను. మదరాసు ఎగ్మూరు అనాథ బాలుర శాలలో డాక్టరు బెల్ ఇట్టిదానినే నడపి, 1797లో లండనున గ్రంథము ప్రకటించియుండెను.

అయితే కాంబెల్ లోపమును దాచలేదు. పిల్లలు పద్యములు కంఠస్థము చేయుదురు గాని, కావ్యభాష వాడుకభాషకు దూరమగుటచే అర్థమెరుగరు. వల్లించుట వచ్చినదా యని చూచిన బడి, తెలిసినదా యని చూడలేదు.

ఆ శతాబ్దపు ఉత్తరార్ధమున మదరాసు రాజధానిలో 'ఫలితములను బట్టి గ్రాంటు' పద్ధతి వచ్చెను. ఇంగ్లండులో 1862లోనే అట్టి నిబంధన వెలసినది. పరీక్షాధికారి వచ్చి, నెగ్గిన పిల్లలను లెక్కించును. ఆ లెక్కను బట్టి సొమ్ము. నాటితో పరీక్ష మరునాటి పాఠమును నిర్ణయించుట మాని, బడికి రావలసిన పైకమును నిర్ణయింపసాగెను.

నేడు మన పిల్లవాడు ఇంట తెలుగును, బడిలో కన్నడమును చదువును. తెలుగులో మార్కులు తగ్గినవని ప్రగతిపత్రము వచ్చును. వాడు ఒత్తులకడ ఆగెనో, అర్థముకడ ఆగెనో ఆ కాగితమున నుండదు.