బస్తర్ బాటల్లో మూడో చక్రం

మోటార్ సైకిలు మీద మలుపు తిరిగేటప్పుడు మీరు ఒక పక్కకు ఒరుగుతారు కదా! అదే బండికి ఎడమ పక్కన ఒక పడక, దానికింద మూడో చక్రం తగిలించారనుకోండి. ఇక ఒరగడం కుదరదు. చేతుల బలంతో హాండిల్ తిప్పాల్సిందే. వేగం పెంచితే బండి ఎడమకు లాగుతుంది, బ్రేకు వేస్తే కుడికి పోతుంది. ఎడమ మలుపులో తొందరపడ్డారో, ఆ మూడో చక్రం గాలిలోకి లేస్తుంది! ఎంత అనుభవం ఉన్నవారైనా మళ్లీ ఓనమాలు దిద్దుకోవాలి.

మొదటి ప్రపంచ యుద్ధంలో (1914-18) గాయపడిన సైనికులను ఇలాంటి బళ్లమీద మోశారు. శతాబ్దం తర్వాత ఆ ఉపాయమే బస్తర్ అడవులకు వచ్చింది.

నారాయణపూర్ జిల్లా అబూజ్‌మడ్ కొండల్లో జీపు పోలేని ఊళ్లు ఎన్నో. నొప్పులు మొదలైన గర్భిణిని మంచం మీద పడుకోబెట్టి, మంచాన్ని కర్రకు కట్టి భుజాల మీద మోసేవారు. మన మన్యంలో డోలీ మోత చూసినవారికి ఆ దృశ్యం వేరే చెప్పనక్కరలేదు. 2010వ దశకంలో 'సాథీ' అనే స్వచ్ఛంద సంస్థ యూనిసెఫ్ సహాయంతో అక్కడ పక్క పడక ఉన్న మోటార్ సైకిల్ అంబులెన్సులు నడిపింది. 2018లో ఆంధ్రప్రదేశ్ గిరిజన ప్రాంతాల్లోనూ 'ఫీడర్ అంబులెన్సు'లు వచ్చాయి.

మరి బాట ఒక్క చక్రానికే చాలినంత ఉంటే? సుక్మా, బీజాపూర్, దంతెవాడ అడవుల్లో కేంద్ర రిజర్వు పోలీసు దళానికి ఎదురైన చిక్కు ఇదే. రక్షణ పరిశోధన సంస్థకు చెందిన ఢిల్లీలోని 'ఇన్మాస్' శాస్త్రజ్ఞులు మూడో చక్రాన్నే తీసేశారు. 350 సీసీ రాయల్ ఎన్‌ఫీల్డ్ క్లాసిక్ మీద వెనక్కి వాలే సీటు అమర్చి, 'రక్షిత' అని పేరు పెట్టారు. 2021 జనవరి 18న దళానికి 21 బళ్లు అందాయి.

ఒరిగే సౌకర్యం తిరిగి వచ్చింది గాని బరువు వెనక్కి జరిగింది. వెనక బరువు పెరిగితే ముందు చక్రం తేలికపడి హాండిల్ పట్టు తగ్గుతుంది. స్పృహలేని మనిషి ఒక పక్కకు వాలితే బండీ అటే వాలుతుంది. తలకు ఆధారం, చేతులకు కాళ్లకు పట్టీలు, ఒంటికి బిగించే జాకెట్టు పెట్టింది రోగి పడిపోకుండానే కాదు, బండి తూలకుండా కూడానన్నమాట. నడిపేవాడు వెనక్కి తిరిగి చూడలేడు. అందుకే రోగి పరిస్థితి చూపే తెర అతని ఎదుటే, హాండిల్ దగ్గర ఉంటుంది. అవసరం తీరాక ఆ సీటును ఊడదీయవచ్చు. బండి మళ్లీ పాత నడకకు వస్తుంది.