ఓడ జాబితాలో లేని ఇంటిపేరు

1860 అక్టోబరులో మద్రాసు రేవు నుంచి బయల్దేరిన ట్రూరో అనే ఓడ నవంబరు 16న దక్షిణాఫ్రికాలోని డర్బన్ చేరింది. అందులో 342 మంది ఉన్నారు. నటాల్ చెరకు తోటల్లో ఐదేళ్లు కూలి చేస్తామని ఒప్పంద పత్రం మీద వెళ్లినవాళ్లు. ఒక్కొక్కరికీ ఒక నంబరు ఇచ్చారు. చంకలో ఉన్న పసిబిడ్డకు కూడా సొంత నంబరే. 1911లో నటాల్ వలస ఆగిపోయేనాటికి ఆ నంబర్లు 1,52,184 దాకా పెరిగాయి. మూడింట రెండొంతుల మంది మద్రాసు నుంచి వెళ్లినవాళ్లే. వాళ్లలో తమిళుల తర్వాత పెద్ద గుంపు మన తెలుగువాళ్లదే. విశాఖపట్నం, గంజాం, గోదావరి, ఉత్తర ఆర్కాటు జిల్లాల పల్లెల నుంచి వేలమంది వెళ్లారు.

ఇవాళ డర్బన్‌లో నాలుగో తరం, ఐదో తరం తెలుగు కుటుంబం తన మూలం వెతుక్కోవాలంటే మొదట పట్టుకోవాల్సింది ఆ నంబరునే. అది దొరికితే రిజిస్టరులో ఒక వరస దొరుకుతుంది. ఆ వరస ఎందుకు పుట్టిందన్నది ఇంకా పాత కథ.

బానిసత్వాన్ని రద్దు చేస్తూ బ్రిటిష్ పార్లమెంటు 1833లో చట్టం చేసింది. చెరకు తోటల యజమానులకు మనుషులు కావలసి వచ్చి, 1834 నుంచి మారిషస్‌కు మన దేశపు కూలీలను తీసుకెళ్లడం మొదలుపెట్టారు. మొదట్లో పెద్ద లెక్కాపత్రం లేదు. 1837లో వచ్చిన చట్టం, వెళ్లే మనిషిని ఒక అధికారి ముందు నిలబెట్టి ఒప్పందం చూపించాలంది. అదీ చాలలేదు. ఇది పేరు మార్చిన బానిసత్వమేనని కలకత్తాలోనూ లండన్‌లోనూ గొడవ లేచింది. 1839లో వలసను నిషేధించి, 1842లో మారిషస్‌కు మాత్రం షరతులతో తలుపు తెరిచారు. రేవులో వలసలను చూసే అధికారి ఉండాలి, డాక్టరు పరీక్ష చేయాలి, ఓడ ఎక్కినవాళ్లందరి పేర్లూ రాయాలి. తర్వాత నటాల్‌కూ ఫిజీకీ ఇదే పద్ధతి పాకింది.

ఎవరినీ ఎత్తుకుపోలేదని చూపించుకోవడానికి ప్రభుత్వానికి ఆ జాబితా అవసరమైంది. పారిపోయినవాణ్ని గుర్తుపట్టడానికి తోట యజమానికి అవసరమైంది. నన్నడిగితే రెండోదే బలమైన కారణం. మనిషి ఇష్టపడి వెళ్తున్నాడని నిరూపించడానికి అతని ఎత్తు, చెంప మీది పుట్టుమచ్చ రాయనక్కర్లేదు. మారిషస్‌లో ఇది ఎంతదూరం వెళ్లిందంటే, 1867 చట్టం ప్రకారం ఒప్పందం ముగించుకున్న పాత కూలీ కూడా ఫొటో అంటించిన టికెట్టు జేబులో పెట్టుకుని తిరగాలి. అది లేకుండా దొరికితే పోలీసులు పట్టుకుపోయేవారు. ఆ బాధలు భరించలేక 1871లో వేలమంది కూలీలు అడాల్ఫ్ ద ప్లెవిట్జ్ అనే తోట యజమాని సాయంతో అర్జీ పెట్టుకున్నారు. దాని ఫలితంగా మరుసటి ఏడాది రాయల్ కమిషన్ వచ్చింది. ఆ ఫొటోలు ఇప్పుడు అక్కడి మోకా అనే ఊళ్లోని మహాత్మాగాంధీ ఇన్‌స్టిట్యూట్‌లో ఉన్నాయి. పోలీసుల కోసం తీసిన ఫొటోలో ముత్తాత తండ్రి మొహం మొదటిసారి చూసిన కుటుంబాలు ఆ దీవిలో ఉన్నాయి.

ఇక నటాల్ జాబితాలోని వరస. నంబరు, పేరు, తండ్రి పేరు, వయసు, ఆడా మగా, కులం, జిల్లా, తాలూకా, ఊరు, ఎత్తు, ఒంటి మీది గుర్తులు. తర్వాత ఏ తోటకు, ఏ యజమానికి కేటాయించారో ఉంటుంది. ఒంటి గుర్తుల గడి దగ్గర నేను ఎప్పుడూ ఆగిపోతాను. మోకాలి మీద పాత గాయం, ముంజేతి మీద పచ్చబొట్టు, మెడ మీద మచ్చ. ఫొటో లేని మనిషి అక్కడ కాస్త కనిపిస్తాడు. మొగుడూ పెళ్లాం పిల్లలు కలిసి వెళ్తే నంబర్లు సాధారణంగా వరసగా పడతాయి. కాబట్టి ఒక్క నంబరు దొరికినవాళ్లు దాని పైనా కిందా ఉన్న వరసలు తప్పక చదవాలి. పక్క వరసల్లో అదే ఊరివాళ్లు, కొన్నిసార్లు చుట్టాలే ఉంటారు.

ఇన్ని అడిగిన ఆ రిజిస్టరు ఇంటిపేరు అడగలేదు. దానికి గడి లేదు. తెలుగువాడు సంబంధం కలుపుకోవాలన్నా, దాయాదిని గుర్తుపట్టాలన్నా మొదట అడిగేది ఇంటిపేరే. గుమాస్తా రాయకపోవడంతో నటాల్‌లో వేరే పద్ధతి స్థిరపడింది. తండ్రి పేరో తాత పేరో పిల్లలకు ఇంటిపేరైంది. కొందరికి కులం తోకే ఇంటిపేరైంది. అందుకే అక్కడ అంతమంది నాయుడులు, రెడ్లు. సొంత అన్నదమ్ముల పిల్లలకు కూడా వేర్వేరు ఇంటిపేర్లు పడ్డాయి. అసలు ఇంటిపేరు ఇంట్లో నోటిమాటగా నిలిచిన కుటుంబాలవాళ్లు అదృష్టవంతులు. ఇక్కడి ఊళ్లో అడగడానికి వాళ్లకు ఆధారం ఉంది. మిగతావాళ్ల చేతిలో జాబితా ఉన్నా, సగం తాళంచెవే ఉన్నట్టు.

అయితే పేర్లే కొంత దారి చూపిస్తాయి. అప్పలస్వామి అని కనిపిస్తే కళ్లు ఉత్తరాంధ్ర వైపు తిరగాలి. సింహాచలం అప్పన్న పేరు పెట్టుకునే సీమ అది. సింహాద్రి, పైడితల్లి, నూకాలమ్మ కూడా అంతే. గుమాస్తా తన చెవిన పడ్డట్టు రాశాడు కాబట్టి అప్పలసామి, అపల్సామి, అప్పల్‌సమీ అన్నీ ఒకే పేరు కావచ్చు. కులం గడిలో గవర అని ఉంటే అనకాపల్లి చుట్టుపక్కల ఊళ్లతోనే వెతుకులాట మొదలుపెట్టొచ్చు. చెప్పినవాడు నిజమే చెప్పాడన్న హామీ మాత్రం లేదు. ఇంట్లోంచి చెప్పకుండా వచ్చినవాళ్లు పేరూ కులమూ మార్చి చెప్పడం వింతేమీ కాదు.

జిల్లా పేరు దగ్గర చాలామంది దారి తప్పుతారు. గంజాం అని చూసి ఒరిస్సాకు పరిగెత్తుతారు. 1936లో ఒరిస్సా రాష్ట్రం ఏర్పడేదాకా శ్రీకాకుళం, టెక్కలి, ఇచ్ఛాపురం అన్నీ గంజాం జిల్లాలోవే. ఆ ఏడు వాటిని విశాఖపట్నం జిల్లాలో కలిపారు. శ్రీకాకుళం జిల్లా పుట్టింది 1950లో, విజయనగరం జిల్లా 1979లో. చిత్తూరు జిల్లా ఏర్పడింది 1911లో, అంటే నటాల్ ఓడలు ఆగిన ఏడాదే. కాబట్టి చిత్తూరు వైపు మనిషి జాబితాలో ఉత్తర ఆర్కాటువాడిగానే ఉంటాడు.

దశాబ్దాలపాటు ఈ రిజిస్టర్లు దుమ్ములోనే ఉన్నాయి. ఫిజీలో బ్రిజ్ లాల్ అనే చరిత్రకారుడు, తనూ ఒక కూలీ మనవడే, ఉత్తర భారతం నుంచి వెళ్లిన 45,439 మంది వలస పాసులను కంప్యూటరుకెక్కించి 1983లో పుస్తకం తెచ్చాడు. మద్రాసు నుంచి 1903 తర్వాత ఫిజీ వెళ్లినవాళ్ల మీద అంత పని జరగకపోవడం మనకు లోటు. నటాల్ ఓడ జాబితాల మీద సురేంద్ర భానా 1991లో పుస్తకం రాశాడు. జాయ్ బ్రెయిన్ అనే చరిత్రకారిణి ఆ జాబితాలను ఎక్కించే పనికి పూనుకుంది. అవి క్వాజూలు-నటాల్ యూనివర్సిటీ డాక్యుమెంటేషన్ సెంటర్ ద్వారా అందరికీ అందుబాటులోకి వచ్చాయి. వెతుకులాట స్వభావమే మారిపోయింది. ఒక కుటుంబం తన నంబరు చెబితే, అదే ఓడలో వచ్చిన ఇంకో కుటుంబం తన దగ్గరున్న పెళ్లి కాగితం, ఆస్తి పంపకం ఫైలు బయటకు తీస్తుంది. కాగితాల అవసరం పెరిగింది కూడా. మారిషస్‌లో ఏడో తరం వరకు ఓసీఐ (విదేశాల్లోని భారత సంతతివాళ్లకిచ్చే) కార్డుకు వీలు కల్పిస్తున్నట్టు భారత ప్రభుత్వం 2024 మార్చిలో ప్రకటించింది.

క్రైస్తవ కుటుంబాలకు ఇంకో దారి ఉంది. 1903లో నెల్లూరు నుంచి జాన్ రంగయ్య అనే తెలుగు బాప్టిస్టు మిషనరీ నటాల్ వెళ్లి, కియర్స్‌నీ తేయాకు తోటలోని తెలుగు కూలీల మధ్య సంఘం స్థాపించాడు. అలాంటి చోట్ల సంఘం పుస్తకాలు కూడా తిరగేయాలి.

ఇవతలి ఒడ్డున పని కష్టం. డెల్టా రైత్వారీ గ్రామాలైతే సెటిల్‌మెంట్ రిజిస్టర్లున్నాయి, ఇనాం భూములకు ఇనాం ఫెయిర్ రిజిస్టరుంది. కానీ ఓడ ఎక్కిన ఉత్తరాంధ్రవాళ్లలో ఎక్కువమంది విజయనగరం, బొబ్బిలి, పర్లాకిమిడి లాంటి జమీందారీల మనుషులు. 1948 చట్టంతో జమీందారీలు రద్దయ్యేదాకా అక్కడి రైతుల పేర్లు సర్కారు దస్త్రాల్లో దొరకడం అరుదు. భూమే లేని మాల మాదిగ కూలీల పేర్లు దొరకడం ఇంకా అరుదు. వాళ్ల గురించి మిగిలిన రాత చాలాసార్లు నటాల్ రిజిస్టరే. 1984లో కరణాల వ్యవస్థ రద్దయ్యాక పాత గ్రామ కాగితాలు చాలాచోట్ల చెల్లాచెదురయ్యాయి. ఇప్పుడు మిగిలినవైనా స్కాన్ చేసి పెట్టకపోతే వెతకడానికి ఏమీ ఉండదు.

రంగం, అంటే రంగూన్ వెళ్లినవాళ్లకైతే ఈ మాత్రం కూడా లేదు. కాకినాడ, విశాఖ, భీమిలి, కళింగపట్నం రేవుల నుంచి బర్మా వెళ్లిన తెలుగువాళ్లు నటాల్ వెళ్లినవాళ్ల కంటే ఎన్నో రెట్లు. 1937 దాకా బర్మా బ్రిటిష్ ఇండియాలో భాగమే. మేస్త్రీ బయానా ఇస్తే డెక్కు టికెట్టు మీద వెళ్లిపోయేవారు. ఒప్పంద పాసూ లేదు, నంబరూ లేదు. 1942లో జపాన్ దాడికి భయపడి వేలమంది అడవుల వెంట నడిచి వచ్చారు, దారిలో ఎందరో పోయారు. వాళ్ల వివరాలు ఇంట్లో పెద్దవాళ్ల నోట మాత్రమే ఉన్నాయి. ఆనాటి పిల్లలకు ఇప్పుడు తొంభై చేరువ. వాళ్లను కూర్చోబెట్టి ఊరు, ఇంటిపేరు, రేవు, మేస్త్రీ పేరు అడిగి రాసుకునే పని ఈ ఏడే జరగాలి.