ఆర్కెస్ట్రా
పెళ్లి వేదిక మీద కీబోర్డుతో సినిమా పాటలు పాడే జట్టును ‘ఆర్కెస్ట్రా’ అంటే సింఫనీ అభిమానులు నొచ్చుకుంటారు. వియన్నా ఫిల్హార్మోనిక్ లాంటి బృందానికే ఆ పేరు చెల్లుతుందంటారు. మూలం చూస్తే ఆ వాదన నిలవదు. గ్రీకు నాటకశాలలో కోరస్ ఆడిపాడే చోటే ‘ఓర్ఖేస్త్రా’. ధాతువుకు అర్థం నాట్యమాడడం. రోమన్ నాటకశాలల్లో ఆ చోట సెనేటర్లు కూర్చునేవారు. వాద్యకారులకు ఆ పేరు దక్కింది ఎన్నో శతాబ్దాల తర్వాతే. చోటు పేరు మనుషులకు మారితే తప్పు లేనప్పుడు, వయొలిన్ల నుంచి కీబోర్డుకు మారితే తప్పేముంది? అర్థం పలచబడదా అంటారేమో. కలయిక అనే అర్థమున్న మన ‘మేళం’ కూచిపూడి భాగవతులకూ, పెళ్లి సన్నాయి, డోలు జట్టుకూ సరిపోలేదా? ముందు చేరే మాటే తేడా చెబుతుంది. ‘సింఫనీ ఆర్కెస్ట్రా’ అన్నా అంతే.