కారు సీటు, దాని తొడుగు

1998లో సైబర్ టవర్సు ప్రారంభమైన పిదప హైదరాబాదు హైటెక్ సిటీ పరిసరములలో కార్లు విశేషముగా పెరిగినవి. ముందు సీటు తొడుగు చినిగినచో ఇంటివద్దనే మార్చుకొనువారు కలరు. సాధారణముగా నాలుగు బోల్టులు విప్పిన సీటు ఊడివచ్చును. కాని ఇది పూర్వపు సీటు కాదు.

తొలి కార్ల సీటనగా ఇనుప స్ప్రింగులు, గుర్రపు వెండ్రుకలు, పైన తోలు. 1937లో జర్మనీ శాస్త్రజ్ఞుడు ఆటో బేయర్ పాలియురితేన్‌ను కనుగొనెను. తరువాత దానినుండి తయారైన నురుగు సీటులో వెండ్రుకల స్థానము నాక్రమించెను. 1953లో అమెరికాలో జాన్ హెట్రిక్ గాలిసంచికి పేటెంటు పొందెను. 1990 దశకములో వోల్వో సంస్థ ప్రక్కతాకిడినుండి కాపాడు గాలిసంచిని సీటులోనే అమర్చెను.

ప్రమాద సమయమున ఈ సంచి రెప్పపాటుకన్న త్వరగా ఉబ్బి, తొడుగు కుట్టును చీల్చుకొని వెలువడవలెను. అందులకే అచ్చట సులభముగా తెగు దారముతో కుట్టుదురు. అచ్చట గట్టి దారము వాడినను, పైన మరియొక మందపు తొడుగు వేసినను సంచికి దారి మూసినట్లే.

కావున సీటు ప్రక్కన గాలిసంచి గుర్తున్నదేమో ముందు చూడవలెను. ఉన్నచో బ్యాటరీ రుణధ్రువపు తీగను తొలగించి, కారుతో ఇచ్చిన పుస్తకములో చెప్పినంతసేపు ఆగిన పిమ్మటనే సీటు క్రింది తీగలను విడదీయవలెను. ఒకప్పుడు అందమునకు, సుఖమునకు మాత్రమే వేసిన తొడుగు నేడు ప్రాణరక్షణ యంత్రములో ఒక భాగమైనది.